మొదటి డికాషన్ ఎవరికి?

మా ఇంట్లో కాఫీకి ఒక రాజ్యాంగం ఉండేది. దేశానికి రాజ్యాంగం రాసినవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని చర్చించారట. మా అత్తకు అంత తీరిక లేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, ఆకూవక్కా నములుతూ ఒక్క పొద్దుటిపూటలో తేల్చేసింది. మొదటి డికాషన్ మగవాళ్లకు. అదే పొడి మీద మళ్లీ మరిగే నీళ్లు పోస్తే దిగేది ఆడవాళ్లకు. మూడోసారి దిగినదానికి ఏమైనా రంగుంటే పనిమనిషికి, రంగు లేకపోతే అదీ మాకే. సవరణలకు తావు లేదు.

ఇందులో నాకు ముఖ్యమైన అభ్యంతరం ఒకటుంది. ఆ ఇంట్లో అందరికంటే ముందు కాఫీ తాగినదాన్ని నేను. మద్రాసులో కాలేజీ హాస్టల్లో నాలుగేళ్లు తాగాను. బి.ఏ.లో నా మార్కుల గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు గానీ కాఫీలో మాత్రం నాది మొదటి తరగతి. గింజ వేగిన వాసన చూసి ఇంకెంతసేపు వేయించాలో చెప్పగలను. అటువంటి నన్ను కర్నూల్లో వకీలుకిచ్చి చేశారు. మా అత్తవాళ్లది కోయిలకుంట్ల వైపు సేద్యపు కుటుంబం. ఆ ఇంట్లో పొద్దున లేస్తే మజ్జిగ, లేకపోతే రాగి అంబలి. పెళ్లైన కొత్తలో నేను కాఫీ మాట ఎత్తితే, “కాపీ తాగితే మనిషి నల్లబడతాడంట గదమ్మే” అంది మా అత్త. ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరూ కాఫీ ముఖం చూడలేదు. అయినా అందరూ చక్కగా కాలిన పెనం రంగులో ఉన్నారు. ఆ మాట పైకి అన్నాను. ఆ తర్వాత మూడు రోజులు నాతో మా అత్తకు మాటల్లేవు.

పదేళ్లు మజ్జిగ తాగాను. ఏడాదికోసారి కడపలో పుట్టింటికి పోయినప్పుడు మాత్రం కరువు తీరా కాఫీ తాగి వచ్చేదాన్ని.

అటువంటి ఇంటికి కాఫీ ఎట్లా వచ్చిందంటే, మా ఊరికి కొత్త ఆంధ్ర రాష్ట్రపు రాజధాని వచ్చింది గనక వచ్చింది. రాజధాని అంటే కోటలూ మేడలూ అనుకునేరు. డేరాలు. కచేరీలకు డేరాలు, ఫైళ్లకు డేరాలు, గుమాస్తాలకు డేరాలు. గాలి లేచినప్పుడు ప్రభుత్వం ఒక పక్కకు ఒరిగేది. మిగిలినవాళ్లకు ఊళ్లోవాళ్లు ఇళ్లిచ్చారు. మా వీధిలో ఒకాయన గొడ్ల కొట్టానికి సున్నం కొట్టి, దూడను కట్టే గుంజ కూడా పీకకుండా ఒక సూపరింటెండెంటుకు అద్దెకిచ్చాడు. ఆయన కోటు తగిలించుకోవడానికి ఆ గుంజ బాగా పనికొచ్చిందని తర్వాత తెలిసింది. మా ముందరి రెండు గదుల్లోకి మద్రాసు నుంచి ఒక ఆఫీసరూ ఆయన భార్యా దిగారు.

మద్రాసు నుంచి వచ్చినవాళ్లకు మూడే ఫిర్యాదులు: ఎండ, తేళ్లు, కాఫీ. మొదటి రెండింటికీ ఎవరూ ఏమీ చేయలేరు గనక ఊరంతా కాఫీ మీద పడింది. సందుకొక కాఫీ హోటలు లేచింది. కోర్టులో జడ్జీగారు తాగుతారని ప్లీడర్లు, ప్లీడర్లు తాగుతారని గుమాస్తాలు, గుమాస్తాలు తాగుతారని కక్షిదారులు తాగడం మొదలుపెట్టారు. ఒకరోజు మా వకీలుగారు చంకలో ఇత్తడి ఫిల్టరుతో, సంచిలో కాఫీ మరతో ఇల్లు చేరారు. పదేళ్లు నా నోట విన్న మాటను ఆయన ఆ రోజు ఎక్కడో కొత్తగా విన్నట్టున్నారు.

“పెద్దమనుషుల ఇండ్లలో వచ్చినోళ్లకు కాపీ ఇయ్యల్లమ్మా. మజ్జిగిస్తే నవ్వుతారు” అన్నారు వాళ్లమ్మతో.

కొడుకు చెప్పాడు గనక కాఫీ ఆ క్షణం నుంచి మనిషిని నల్లబరచడం మానేసింది. మా అత్త పొడి డబ్బాను తన తాళంలో పెట్టుకుంది. రోజూ పొద్దున చిన్న ఇత్తడి గిన్నెతో ఒక్క కొలత తీసి ఇచ్చేది. గింజలు వేయించేది నేను, మర తిప్పేది నేను, ఫిల్టరులో నీళ్లు పోసేది నేను. చిక్కటి డికాషన్ చుక్క చుక్కగా దిగుతుంటే ఆ వాసన పీల్చుకునేది కూడా నేనే. అంతవరకే. రెండు గ్లాసులూ వసారాలోకి పోయేవి. ఒకటి మా వకీలుగారికి, ఇంకొకటి ఆయన స్నేహితుడికి. ఆ స్నేహితుడూ ప్లీడరే. కేసులు అంతంతమాత్రం గనక కాఫీ వేళకు తప్పకుండా వచ్చేవాడు.

ఒక చెంచా రుచి చూడబోతే మా అత్త ఊరుకునేది కాదు. “మగోళ్లు తాగకముందే నోట్లో పోసుకుంటే ఎంగిలిగాదా? నీకు సదువు చెప్పినోళ్లు ఇదొకటి చెప్పలేదా?”

“చెంచాతో పోసుకుంటే ఎట్ల ఎంగిలైతుందత్తా?”

“మనసు ఎంగిలైతుంది.”

చెంచా కడిగి గూట్లో పెట్టేదాన్ని. వాళ్లు తాగి గ్లాసులు కింద పెట్టాక, సారం పోయిన పొడి మీద నీళ్లు పోసి, దిగిన గోధుమరంగు నీళ్లలో బెల్లం వేసుకుని అత్తా నేనూ తాగేవాళ్లం. అత్తకు ఏ బాధా లేదు. కాఫీ అంటే అదే అనుకునేది. బాధంతా నాది, ఎందుకంటే అసలు రుచి తెలిసినదాన్ని. వకీలుగారి దగ్గర వాదించాను. “ఇల్లు అమ్మది. నేను తలదూర్చను” అన్నారు. వాళ్లమ్మ పొలాల విషయంలో మాత్రం రోజూ తలదూర్చేవారు. నేను అడిగింది ఆస్తి కాదు, హక్కు కాదు, ఒక గ్లాసు మొదటి డికాషన్, అదీ నా చేత్తో చేసింది. దానికోసం రెండేళ్లు పోట్లాడాను, ఒక్క చుక్క రాలలేదు.

ముందరి గదుల ఆఫీసరు భార్యకూ నాకూ కూడా పోట్లాటే, అయితే అది స్నేహంతో కూడిన పోట్లాట. ఆవిడది కృష్ణా వైపు. మా ఊరి నీళ్లు, మా ఊరి కూరలు, మా ఊరి మాట, ఏదీ ఆవిడకు ఆనేది కాదు. “మీరు ‘ఉండాది’ అంటారేవిటండీ, ‘ఉంది’ అనొచ్చుగా? ఒక అక్షరం కలిసొచ్చేది” అంది ఒకరోజు. “మాకు కరువు నీళ్లకే గానీ అక్షరాలకు లేదు” అన్నాను. అప్పుడు నవ్వి, “రండి, కాఫీ తాగుదురుగాని” అని లోపలికి తీసుకుపోయింది.

అక్కడ చూశాను దాన్ని.

ఎనిమిది పలకల అల్యూమినియం చెంబు. నడుము సన్నం. నడుము దగ్గర తిప్పితే రెండు ముక్కలవుతుంది. కింది గదిలో నీళ్లు, నడుములో చిల్లుల గిన్నె నిండా కాఫీ పొడి, పై గది ఖాళీ. మూత బిగించి కుంపటి మీద పెడితే, కింది నీళ్లు ఆవిరి తోపుకు పొడి గుండా పైకి ఎక్కి పై గదిలో కాఫీగా నిలుస్తాయి. ఓడల కంపెనీలో పనిచేసే ఆవిడ తమ్ముడు ఇటలీ నుంచి తెచ్చాడట. అక్కడ ఆవిరితో తీసిన కాఫీని ఎస్ప్రెస్సో అంటారట. పేరు ఏదైతేనేం, గురగురమని చప్పుడు చేసి నల్లగా నిగనిగలాడుతూ పైకి వచ్చింది. చిన్న కప్పులో పోసి ఇచ్చింది. తాగాను. హాస్టలు రోజుల్లోలాగా మళ్లీ మనిషినయ్యాను.

“ఈ పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే?” అని అడిగాను.

“ఛ! పారేయడమేనండీ. ఇందులో రెండో డికాషన్ అనేదే లేదు. ఎవరికి కావాలంటే వాళ్లకి కొత్తగా పెట్టుకోవడమే.”

రెండో డికాషన్ అనేదే లేదు! ఆవిడ ఏదో మామూలుగా అన్నది. నాకు మాత్రం మా ఇంటి రాజ్యాంగం కొట్టివేసినట్టు పైకోర్టు తీర్పు వినిపించింది. యంత్రంలో మొదటిదీ రెండోదీ లేనప్పుడు మా ఇంట్లో మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

“అమ్ముతారా?”

“అయ్యో, మా తమ్ముడు తెచ్చిందండీ.”

ఏడాది పాటు అదే ప్రశ్న, అదే జవాబు. అంతలో రాజధాని హైదరాబాదుకు తరలిపోతుందని ఖాయమైంది. ఊరంతా విచారంలో మునిగింది. కాఫీ హోటళ్లవాళ్లు తల మీద గుడ్డ వేసుకున్నారు. మా వకీలుగారు ఇంటికొచ్చిన ప్రతివారికీ మూడేళ్లకే రాజధాని పోగొట్టుకున్న ఊరి గురించి ఉపన్యాసమిచ్చారు. ఇంత పెద్ద చరిత్ర నా కళ్లముందు జరుగుతున్నది, నేను చరిత్ర చదివినదాన్ని, కానీ నిజం చెప్పాలంటే నాకున్న ప్రశ్న ఒకటే: ఆవిడ ఆ చెంబును తీసుకుపోతుందా, వదిలిపెడుతుందా?

సామాన్లు కట్టే రోజున పోయి కూర్చున్నాను.

“హైదరాబాదులో అందరూ చాయ్ తాగేవాళ్లే. ఆడ మంచి కాఫీ గింజ దొరకదంట” అన్నాను. ఎవరూ అనలేదు. నేనే అన్నాను.

“నిజమేనా?”

“ఊరంతా అంటాండారు.”

ఆవిడ చెంబు వైపు చూసింది. నా గొడుగు వైపు కూడా చూసింది. అది మద్రాసులో కొన్న పట్టు గొడుగు, పిడికి దంతపు చిలుక. బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దితే వచ్చిన డబ్బు నా దగ్గర ఉంది. నేను ఆడపిల్లల హైస్కూల్లో పంతులమ్మను. జీతం ఇంటికిచ్చినా పేపర్ల డబ్బు నాదే. ఆ డబ్బూ ఆ గొడుగూ ఇచ్చి చెంబు తెచ్చుకున్నాను. కర్నూలు ఎండలో గొడుగు లేకుండా వీధి దాటి వచ్చినా ఆ రోజు ఎండ తెలియలేదు.

మా అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “నడుముండాది దీనికి. ఎవురి బొమ్మ ఇది?”

“కాఫీ యంత్రం అత్తా.”

“దుడ్లు పెట్టి కొన్నావా? గొడుగు యాడ?”

యంత్రం అన్న మాట చెవిన పడగానే మా వకీలుగారు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు. యంత్రాలు మగవాళ్ల శాఖ. వెనకే స్నేహితుడు. చెంబును విప్పారు, చూశారు, బిగించారు, మళ్లీ విప్పారు.

“పైన నీళ్లు పోయల్ల” అన్నారు మా వకీలుగారు.

“కాదు, కింద. నీళ్లు కింద నుంచి పైకి పోతాయి.”

“నీళ్లు పైకి పోతాయా!” స్నేహితుడు నవ్వాడు. “ఏం వదినా, నీరు పల్లమెరుగు అని మీ బడిలో చెప్పరా?”

“ఆవిడ చేస్తుంటే ఏడాది చూసినాను.”

“చూసేది వేరు, తెలిసేది వేరు” అన్నారు మా వకీలుగారు, సాక్షిని కొట్టిపారేసే గొంతుతో. “ఫిల్టరు ఉండాదా లేదా ఇంట్లో? దాంట్లో పైన పోస్తే కిందికి దిగుతుంది. ఇదీ ఫిల్టరే. అంతే.”

సరే కానివ్వండి అని గోడకు ఆనుకుని నిలబడ్డాను. చిల్లుల గిన్నెలో పొడి వేశారు, పై గదిలో నీళ్లు పోశారు, కింది గది ఖాళీగా కుంపటి మీద పెట్టారు. ఇద్దరు ప్లీడర్లూ వంగి, డికాషన్ ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ కూర్చున్నారు. దిగలేదు. కొంచెం సేపటికి వాసన వచ్చింది, కాఫీది కాదు. నడుములో ఉన్న రబ్బరు వలయం మాడుతున్న వాసన.

“ఎవుర్దో చెప్పు కాలుతాంది చూడండి నాయనా” అంది మా అత్త.

ఆ కంపు మూడు రోజులు ఇల్లు వదలలేదు. కాలిన రబ్బరు పట్టుకుని సైకిల్ షాపు సాయిబు దగ్గరికి నేనే పోయాను. ఆయన పాత ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరిస్తూ, “ఇదేం పంపమ్మా? దీంతో గాలి కొడతారా?” అని అడిగాడు. “గాలి కొట్టేవాళ్లు మా ఇంట్లో వేరే ఉన్నారు” అన్నాను. ముక్కను ఇంటికి తెచ్చి రెండుసార్లు మరిగే నీళ్లలో ఉడికించాక గానీ దాని వాసన పోలేదు.

ఈసారి నేను పెట్టాను. కింద నీళ్లు, నడుములో పొడి. కుంపటిలో నిప్పులు మరీ ఎర్రగా కాకుండా కొంచెం బూడిద కప్పాను. చెంబు ముందు మూలిగింది, తర్వాత గురగురమంది, తర్వాత నల్లటి కాఫీ పై గదిలోకి ఎక్కడం మొదలుపెట్టింది.

“అమ్మా! పూనకమొచ్చినట్ల పైకొస్తాందే!” అని మా అత్త పీట వెనక్కి జరుపుకుంది.

“చూసినారా?” అన్నాను ప్లీడర్ల వైపు తిరిగి.

“నేను చెప్పలేదా, ఇది ఆవిరి శాస్త్రమని” అన్నారు మా వకీలుగారు. ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు. స్నేహితుడు మాత్రం అవునన్నట్టు తలూపాడు.

అందులో ఒకసారికి వచ్చేది రెండు చిన్న గ్లాసులు, మహా అయితే ఇంకొంచెం. నేను గ్లాసు తీసుకోబోయేంతలో ఆ రెండూ వసారాకు నడిచిపోయాయి. పోనీ, రెండో దఫా నాకు కొత్తగా పెట్టుకుంటానని పొడి కోసం చూశాను. మా అత్త డబ్బాకు తాళం వేసింది. అప్పుడు, ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టున్న పని చేసింది. చెంబు నడుము విప్పి, చిల్లుల గిన్నెలో బిళ్లలా గట్టిపడి ఉన్న వాడిన పొడిని పిడకలా చేతిలోకి తట్టుకుని, పాత ఇత్తడి ఫిల్టరులో పొడి పొడిగా నలిపి వేసి, దాని మీద మరిగే నీళ్లు పోసింది.

“అత్తా! దీంట్లో రెండో డికాషన్ లేదు. ఆఫీసరు భార్య చెప్పింది.”

“ఆయమ్మ ఇంట్లో అత్త ల్యాకపాయె. ఆయమ్మకేం తెలుసు? ఇంగా సారముండాది దీంట్లో.”

ఇటలీవాళ్లు ఇంత బుర్ర పెట్టి యంత్రం చేశారు. కర్నూల్లో ఇటువంటి అత్త ఉంటుందని వాళ్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? నా గొడుగూ నా పేపర్ల డబ్బూ పోయి, వసారా మగవాళ్లకు మునుపటికంటే చిక్కటి మొదటి డికాషన్ వచ్చింది. నాకేమో మునుపటికంటే పలచటి రెండోది వచ్చింది. ఆవిరి పిండుకోగా మిగిలింది గదా మరి.

వసారాలో యంత్రం పేరు మోగిపోయింది. మా వకీలుగారు కక్షిదారులకు ఆవిరి శాస్త్రం చెప్పేవారు. చెంబును వాళ్ల ఎదుటికే తెప్పించి, వాళ్ల కళ్లముందే వంచేవారు. కోడుమూరు నుంచి పొలం గట్టు తగాదా మీద వచ్చిన ఒక రైతు ఆ చిన్న గ్లాసు చూసి, “ఇంతేనా సామీ? నాలిక మీద పెట్టుకునేదానికా?” అన్నాడు. “ఇది తాగి తెలుసుకునేది కాదప్పా, తెలుసుకుని తాగేది” అన్నారు మా వకీలుగారు. అందులో పాలు చాలవు, చక్కెర చాలదు, వేడి చాలదు అని రోజుకొక తీర్పు. మంచి కాఫీని నాలిక చివర పట్టి చెప్పగలనని కూడా ఒకసారి అన్నారు. లోపల రెండో డికాషన్ తాగుతూ ఆ మాట విన్నాను.

ఒకసారి ఇద్దరు ప్లీడర్లూ ఏదో దావా మీద కడప పోయారు. మూడు రోజుల పని. మగవాళ్లు ఊరికి పోతే మా ఇంట్లో పొయ్యి కూడా సగమే వెలిగేది. చారూ ఊరగాయా చాలు. కాఫీ సంగతి చెప్పనక్కర్లేదు. “మగోళ్లు లేంది కాపీ ఎవురికి?” అనేది మా అత్త. ఆ పొద్దున నేను చెంబును ముందు పెట్టుకుని కూర్చున్నాను.

“పొడి ఇయ్యి అత్తా.”

“ఎందుకు?”

“రోజూ ఆవిరి తగలకపోతే రబ్బరు ఎండిపోతుందంట. పగిలితే మళ్లీ సాయిబు దగ్గరికి పోవల్ల.”

నిజమో కాదో నాకూ తెలియదు. మా అత్త ఆలోచించి డబ్బా తీసింది. వస్తువు చెడిపోతుందంటే ఆమె ఏ నియమాన్నైనా సడలిస్తుంది. కాఫీ పైకి ఎక్కింది. చెంబు నా చేతిలో ఉంది. గ్లాసులు రెండు. వసారా ఖాళీ. అత్త నన్ను చూసింది, నేను అత్తను చూశాను.

“ఇప్పుడు చెప్పు. మగోళ్లు లేనప్పుడు మొదటి డికాషన్ ఎవరిది?”

ఆమె చట్టంలో దానికి సెక్షను లేదు. ఆకు నమలడం ఆపింది.

“పెద్దోళ్లది” అంది చివరకు.

“సరే, తీసుకో.”

“అంతా వద్దు. నువ్వూ పోసుకో. మగోళ్లు లేంది ఎంగిలేముంది.”

పాలు కొంచెం, చక్కెర కొంచెం వేసి ఇచ్చాను. మా అత్త రోజూ తాగినట్టే ఒక్క గుక్క పెద్దగా తీసుకుంది. ఆగింది. గ్లాసులోకి చూసింది. మళ్లీ ఒక గుక్క, ఈసారి చిన్నది. కళ్లు మూసుకుంది. నేను నా గ్లాసు సంగతే మరిచిపోయి ఆమెనే చూస్తున్నాను.

“ఇదేంది?”

“కాఫీ.”

“మరి ఇన్నేండ్లు మనం తాగింది?”

“కాఫీ గిన్నె కడిగిన నీళ్లు.”

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. గ్లాసు అడుగు దాకా తాగి, వేలితో తుడిచి, పీట మీద అట్లాగే కూర్చుంది.

“వాళ్లు రోజూ ఇదే తాగుతాండిరా?”

“రోజూ.”

“ఒగడు చెప్పల్యా!” అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

మూడు రోజులూ రబ్బరుకు ఆవిరి బాగా తగిలింది.

నాలుగో రోజు పొద్దున ప్లీడర్లిద్దరూ వసారాలో కాళ్లు చాపుకుని కాఫీ కాఫీ అంటున్నారు. చెంబులో కాఫీ ఎక్కింది. అలవాటు ప్రకారం నేను ట్రేలో గ్లాసులు పెట్టాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది. చెంబు తీసుకుని, వంటింట్లో మా రెండు గ్లాసుల్లోకి వంచింది, చుక్క మిగలకుండా. నడుము విప్పి, బిళ్ల తీసి, ఫిల్టరులో నలిపి, నీళ్లు పోసింది. దిగిన గోధుమరంగు డికాషన్‌ను మళ్లీ తెచ్చి యంత్రం పై గదిలో పోసి మూత పెట్టింది. పాలు మీగడ కట్టేదాకా మరిగించింది. ఒక్కో గ్లాసులో చక్కెర రెండు చెంచాలు.

“తీసకపో” అంది.

ట్రే ఎత్తబోయి ఆగాను. 

“అత్తా, ఎంగిలి?” అన్నాను.

“ఏం ఎంగిలి? మనం తాగింది ఆ కాపీ. వాళ్లకు పోయేది ఈ కాపీ. దీన్ని ఎవురన్నా ముట్టినారా?”

నేను అంతవరకు మా వకీలుగారి వాదనాశక్తి కాలేజీలో వచ్చిందనుకున్నాను.

చెంబు వసారాకు పోయింది. తలుపు చాటున నిలబడ్డాను. మా వకీలుగారు చెంబు వంచారు, ఒక గుక్క తాగారు, నాలిక చివర పట్టారు.

“అబ్బ! కడపలో మూడు దినాలు గడ్డినీళ్లు తాగినామప్పా. యంత్రం యంత్రమే.”

“నాకైతే ఈ పొద్దు శానా బాగుండాది” అన్నాడు స్నేహితుడు. “వదినమ్మ చెయ్యి తిరిగింది.”

వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాను. రెండేళ్ల వాదన నా గొంతులో ఉంది. ఇప్పుడే పోయి చెబుతాను, సాక్ష్యంతో సహా చెబుతాను, నాలిక చివర పట్టి చూపించమంటాను అని నేను ఊగిపోతుంటే మా అత్త తన గ్లాసు ఊదుకుంటూ కూర్చుంది.

“పో, పోయి చెప్పు. చెప్తే వాదన గెలుస్తావు. చెప్పకుంటే కాపీ తాగుతావు. నీకేది కావల్లనో చూసుకో.”

నా జీవితంలో నన్ను ఎవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు. పరీక్షల్లో కూడా రెండిట్లో ఏదో ఒకటి రాయమంటారు గానీ, ఒకటి రాస్తే ఇంకొకటి శాశ్వతంగా పోతుందనరు. గెలిచి చూపించాలని నాకు ఎంత ఆశో మా ఇంటి గోడలకు కూడా తెలుసు. గ్లాసులో కాఫీ చల్లారుతోంది. కూర్చున్నాను. తాగాను.

అట్లా చాలా నెలలు నోరు మూసుకున్నాను. వసారాలో కాఫీ శాస్త్రం రోజురోజుకూ పెరిగింది. రెండు చెంచాల చక్కెర వేసిన రెండో డికాషన్ మీద మా వకీలుగారు ఇచ్చిన తీర్పులన్నీ అచ్చు వేస్తే ఒక సంపుటం అయ్యేది.

ఒక్కసారే పొరపాటైంది. బడికి ఇన్‌స్పెక్షనుకు వస్తున్నారని ఆ పొద్దున నేను పరుగులు పెడుతున్నాను. మా అత్త దేవుడి గదిలో ఉంది. చెంబులో కాఫీ ఎక్కగానే, పాత అలవాటు చేతిలో ఉండిపోయిందేమో, దాన్ని అట్లాగే, ఎప్పటిలా పాలూ చక్కెరా వేసిన గ్లాసులతో సహా తీసుకుపోయి వసారాలో పెట్టేశాను. అసలు మొదటి డికాషన్. పెట్టాక గుర్తొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాను.

మా వకీలుగారు ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు. “ఇదేంది, ఇంత చేదు?”

స్నేహితుడు వాసన చూశాడు. “మాడ్చినారప్పా. పొడి మారిందా వదినా? ఇట్లాంటి కాపీ ఈ ఇంట్లో ఎప్పుడూ తాగలే.”

“చేసేవాళ్లకు కాపీ అంటే ఏందో తెలియల్ల గదా, అది తెలిసినోళ్లకే తెలుస్తుంది” అని మా వకీలుగారు గ్లాసు పక్కకు తోశారు.

నేను నోరు తెరిచాను. మాటలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి, ముందు ఏది వదలాలో అనుకుంటున్నాను. లోపల దేవుడి గదిలో గంట ఆగింది. మా అత్త గొంతు వచ్చింది.

“ఈ పొద్దు చెడిపోయిందిలే నాయనా. రేపటి నుంచి మీకు మంచిదే పంపుతాం. ఏమ్మే, ఆ గ్లాసులు లోపలికి తీసకరా, చల్లారిపోతాయి.”